కొత్త రాజధానిలో అన్నయ్య కోసం

జగదల్‌పూర్,
18 జూలై 2025.

తల్లిలాంటి సాయిశ్రీ వదినగారికి,

మీ మరిది కిషోర్ నమస్కారాలు. నేనిక్కడ కులాసా. అమ్మ, లాస్య, మీరు క్షేమమని తలుస్తాను. ఫోన్‌లో చెబుదామని చేసి, మీ గొంతు వినగానే పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. కొట్టుకు బట్టలు కొనాలి కనుక ఇక్కడ రెండు రోజులు ఆగుతాను. కోంటా బస్సు తోలే మన బాబూరావు చేత దీన్ని పంపుతున్నాను.

మీరు చెప్పినట్టే నవా రాయ్‌పూర్ వెళ్లాను. సరుకు తెస్తానని వెళ్లిన చక్రి అన్నయ్య మూడేళ్లయినా తిరిగి రాకపోయె. పర్మిట్ పని మీద ఆ ఊరు వెళ్లిన బాబూరావు అచ్చం మన చక్రి లాంటి మనిషిని చూశానన్నప్పటి నుంచి మీకు నిద్ర లేదని నాకు తెలుసు.

ఆ ఊరి గురించి ఏమని చెప్పను! ముందు కాగితం మీద గీసుకుని, తర్వాత కట్టిన రాజధాని. మన కోంటా బజారంతా ఇమిడిపోయేంత వెడల్పు రోడ్లు. నడిచే మనిషి మాత్రం కనబడడు. ఎటు తిరిగినా సెక్టార్ నంబర్లే. దారి అడుగుదామంటే ఎంత దూరం పోయినా ఒక కిళ్లీ కొట్టు తగలదు. ఒకచోట టికెట్టు పెట్టి మన బస్తర్ ఇళ్లు చూపిస్తున్నారు. ఎర్రమట్టి అరుగు, ధాన్యపు గాదె, అన్నీ అచ్చం మన దగ్గరున్నట్టే. పొయ్యి కూడా ఉంది, అందులో బూడిద లేదు. జనం ఫోటోలు దిగుతున్నారు. నాకెందుకో అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

అన్నయ్య ఫోటో పట్టుకుని కనబడ్డ ప్రతి గార్డునూ అడిగాను. ఎవరూ గుర్తుపట్టలేదు. బాబూరావు పొరబడి ఉంటాడు. అన్నయ్య అక్కడ లేడు వదినా. గుండె దిటవు చేసుకోండి. అమ్మకు మెల్లగా చెప్పండి. లాస్యకు ముద్దులు.

మీ మరిది,
కిషోర్

తా.క.: వదినా, కవరు అంటించబోయి ఆగిపోయాను. ఊరి గురించి రాసిందంతా నిజమే. అన్నయ్య లేడన్నదే అబద్ధం. ఇది దాస్తే రాయ్‌పూర్ బస్సు వచ్చే వేళకు మీరు గుమ్మంలో నిలబడుతూనే ఉంటారు. నేనది చూడలేను.

ఒక సెక్టార్ గేటు బయట, చాయ్ బండి దగ్గర కనబడ్డాడు. భుజాన ఏడాది పిల్లాడు. పక్కన ఆ బిడ్డ తల్లి. నన్ను చూసి తప్పించుకుపోలేదు. బిడ్డనిచ్చి ఆమెను ఇంటికి పంపి, నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. ఏందిరా, ఇంత చిక్కిపోయినవ్ అన్నాడు. అమ్మ మోకాళ్లు ఎట్లున్నయ్ అన్నాడు. నా బిడ్డ లాస్య ఏ క్లాసుకొచ్చిందని అడిగి, చెప్పాక ఇంకో చాయ్ చెప్పాడు. ఇంటికి పోదాం రా అన్నయ్యా అని చేతులు పట్టుకున్నాను. నేను రానురా, నా కోసం ఎవ్వరూ వెతకొద్దని చెప్పు అన్నాడు. కొట్టు రేకులు ఇంకా కారుతున్నయా అని కూడా అడిగాడు. మీ ఊసు మాత్రం ఎత్తలేదు.

లేచేటప్పుడు నేనే అడిగాను, వదినకు ఏం చెప్పమంటావని.

వానొచ్చేటట్టుంది, బస్సెక్కు పో అన్నాడు.