గని సెట్టుకు వేసిన రంగు

కృష్ణానగర్,
గురువారం.

పెద్దనాయనకు దండాలు.

ఫోన్‌లో నీకు సరిగా వినబడదని రాస్తున్నాను. మన గుట్ట మీది ఇనుప గని గురించి ఇక్కడ ఫిల్మ్‌నగర్‌లో సినిమా తీస్తున్నారు. తాతవాళ్లు గని నుంచి స్టేషన్ దాకా పట్టాలు పరిచిన కాలం కథ. సెట్టుకు రంగులేసేది నేనే. సినిమాలో పాతకాలమంటే మాకు తుప్పే. చెక్కతో చేసిన పట్టాలకు నిండా తుప్పు రంగు పూశాను. అందరూ మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి నీ ఫొటో చూస్తే సిగ్గేసింది. గనిరాయి నింపిన టబ్బు బండిని నెడుతున్న నీ కాళ్ల దగ్గర పట్టాలు తళతళలాడుతున్నాయి. బండ్లు నడిచే పట్టాల మీద తుప్పు నిలవదని నువ్వెన్నిసార్లు చెప్పావో!

మర్నాడు పట్టాల పైన వెండి రంగు వేస్తుంటే డైరెక్టర్ కేకలేశాడు.

"ఏంటయ్యా ఇది? పాత గని అని ఎలా తెలుస్తుంది?"

"మా తాత కాలంల అది కొత్త గనే గద సార్," అన్నాను.

ఆయన సరే, వెయ్యమన్నాడు.

గని మూసేశాక, తుప్పు పట్టిన పట్టాలు చూడలేనని నువ్వు గుట్ట వైపే పోలేదు. నెలాఖరుకు సెట్టు కూల్చేస్తారు. ఆలోపు ఒక్కసారి రా. ఏ బస్సుకొస్తావో చెల్లెతో ఫోన్ చేయించు, ఎదురొస్తాను.

ఇవి చెక్కవి పెద్దనాయనా, తుప్పు పట్టవు.