ఒకేలా పెట్టిన గుర్తులు

అమ్మకు నమస్కారం.

ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. కొంచెం జలుబు ఉంది గానీ దాన్ని కూడా కులాసాలోనే కలిపేశాను, లేకపోతే నువ్వు వెంటనే మాత్రల పార్సిల్ కడతావు. నువ్వూ నాన్నా తమ్ముడూ బాగున్నారని తలుస్తాను. నడుము నొప్పికి నువ్విచ్చిన బెల్టు నాన్న పెట్టుకుంటున్నారో, కుర్చీకి తగిలించి చూసుకుంటున్నారో నువ్వు రాయలేదు. రెండోదే అయ్యుంటుంది.

ఫోనులో చెప్పకుండా ఇంత పొడుగు ఉత్తరం ఏమిటా అనుకుంటున్నావు కదూ. ఫోను చేస్తే నీ ఒక చెవి నాకు, ఇంకో చెవి మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్ళకి. పోయినసారి నేను ఒక సంగతి మొదలుపెట్టగానే "చెప్పవే, వింటున్నా" అన్నావు. ఆ వెంటనే ఎవరికో దగ్గుమందు భోజనానికి ముందా తరవాతా అన్నది విడమరచి చెప్పావు. ఆయన వెళ్ళేసరికి నాకు ధైర్యం చాలక జలుబు గురించి చెప్పి పెట్టేశాను. ఉత్తరమైతే షాపు కట్టేశాక కుదురుగా కూర్చుని చదువుతావు.

నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. జుట్టు ఊడటం తగ్గింది. మేడ మీద అద్దెకున్న నర్సు నువ్వు పంపిన నూనెలో సగం వాడేసింది, ఆవిడ జుట్టు బ్రహ్మాండంగా ఉంది.

థీసిస్ ఇచ్చేశావా అని అడిగావు. నీ షాపు ఎదురు కాలేజీ ప్రిన్సిపాల్ గారు బీపీ మాత్రలకు వచ్చినప్పుడల్లా అడుగుతున్నారనీ, సెలవులు అయ్యేలోపు నా థీసిస్ చేతికొస్తేనే ఆ ఉద్యోగం నాకు, లేదంటే ఇంకొకరికనీ రాశావు. నా గదిలో పేర్చిన మందుల అట్టపెట్టెలన్నీ మెట్ల కిందికి దించేసి సున్నం కూడా వేయించానన్నావు. ఈ ప్రశ్నకు జవాబు పెద్దది. ముందు మిగతావి అవనీ.

అసలు నువ్వు చేసే పనేమిటే, ఆయనకు ఏమని చెప్పను అని అడిగావు. ఇన్నేళ్ళ తరవాత అడిగావు, సంతోషం. మేము మనుషుల చేత వాళ్ళు ఇల్లు మారిన కథ చెప్పించుకుని రికార్డు చేస్తాం. దాన్ని వాక్యాలుగా రాసుకుంటాం. ఒక్కో వాక్యం దాని ముందు వాక్యానికి ఏమవుతుందో పక్కన గుర్తు పెడతాం. కారణమా, ఫలితమా, పోలికా, లేక అసలు వేరే సంగతా అని. "పక్కింటాయన కారు అమ్మేశాడు. కొడుక్కి కాలేజీలో సీటొచ్చింది" అని నీతో ఎవరైనా అన్నారనుకో. అందులో "అందుకే" అన్న మాట ఎక్కడా లేదు. అయినా సీటు కోసమే కారు అమ్మాడని నువ్వు తేల్చేస్తావు. చెప్పినవాడు చెప్పలేదు, విన్నవాళ్ళు వేసుకున్నారు. మాటకూ మాటకూ మధ్య మనుషులు ఏం వేసుకుంటారు, ఎప్పుడు వేసుకుంటారు అన్నదే నా పరిశోధన. ఇది విని నువ్వేమంటావో నాకు తెలుసు. "దానికి చదువెందుకే, మన వీధిలో అందరూ పొద్దున్నుంచీ చేసే పని అదేగా." నిజమే. వాళ్ళు ఊరికే చేస్తారు, మేము పద్ధతిగా చేస్తాం.

ఆ పద్ధతి గురించి కాస్త ఓపిగ్గా చదువు, తరవాత చెప్పేదంతా దానిమీదే ఉంది. ఒకే రికార్డింగుకు ఇద్దరు గుర్తులు పెట్టాలి. వేరు వేరు గదుల్లో కూర్చోవాలి. ఇద్దరివీ పక్కన పెట్టి చూసేదాకా దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోకూడదు. అలా విడివిడిగా పెట్టినా ఇద్దరివీ కలిశాయంటే ఆ అర్థం చెప్పినవాళ్ళ మాటల్లోనే ఉందని లెక్క, మా బుర్రల్లోంచి వచ్చింది కాదని. ఆ ఒక్క నమ్మకం మీదే నా థీసిస్ మొత్తం నిలబడింది.

ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. రెండో మనిషి నువ్వు అడిగిన తాబేలు, అదే, నిదానానికి నేను ఆ పేరు పెట్టిన మా ల్యాబు అబ్బాయి. "ప్రతి రికార్డింగూ ముమ్మారు వినేవాడు, అతను ఇంకా అక్కడే ఉన్నాడా, ఎక్కడైనా నిద్రపోయాడా" అని రాశావు. ఉన్నాడు. నా గది స్కూటర్ల స్టాండు వైపు. అతని గది వరండా చివర, మంచినీళ్ళ ఫిల్టరు పక్కన. ఇద్దరం రూలు ఎప్పుడూ తప్పలేదు. గుర్తులు పోల్చి చూస్తే ఎప్పుడు చూసినా ఒకటే. మా గైడు మేడమ్ బయటినుంచి ఎవరొచ్చినా మా కాగితాలు తీసి చూపించేది. "వీళ్ళిద్దరికీ ఒకే బుర్రండీ" అని గొప్పగా చెప్పుకునేది. మేమూ పొంగిపోయేవాళ్ళం.

సరే, ఇక నీళ్ళు నమలను. ఏ కాగితమైనా నువ్వు చివరినుంచి చదవడం మొదలుపెడతావని తెలిసే ఈ సంగతి ఇక్కడ మధ్యలో పెడుతున్నాను. అమ్మా, థీసిస్ ఇవ్వలేదు. ఇవ్వబోయి వెనక్కి తీసుకున్నాను.

ఏం జరిగిందంటే, థీసిస్ ఇచ్చేముందు చూడాల్సిన పెద్దాయన ఒకరు కొంత భాగానికి ఎవరైనా కొత్తవాళ్ళ చేత గుర్తులు పెట్టించి చూడమన్నారు. మామూలుగా అడిగేదే. మా దగ్గర అప్పుడే చేరిన పరిశోధక విద్యార్థినికి ఇచ్చాం. ఆ అమ్మాయి గుర్తులు మాతో కలవలేదు. మేడమ్ తేలిగ్గా తీసుకుంది. "కొత్త కదా. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించు, దారిలో పడుతుంది" అంది. నేనూ అలాగే అనుకుని కూర్చున్నాను.

ఒకావిడ చెప్పిన కథలో ఇలా ఉంది: "మా ఆయనకు బదిలీ అయింది. నేను కుట్టుమిషను అమ్మేశాను. పిల్ల ఒకటే ఏడుపు." నేనూ తాబేలూ ఇద్దరం పిల్ల ఏడుపు బదిలీ వల్లే అని పెట్టాం. ఊరు మారుతుంటే పిల్లలు ఏడవరా. కొత్తమ్మాయి మాత్రం ఆ ఏడుపు మిషను అమ్మినందుకు అని పెట్టింది. నేను నవ్వి, "మిషను కోసం ఏ పిల్లయినా ఏడుస్తుందా" అన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు. రికార్డింగు ముందుకు జరిపి వినిపించింది. కాసేపయ్యాక ఆవిడే అంటోంది, "నేను తొక్కుతుంటే ఆ చప్పుడు వింటూ దాని కిందే పడుకునేది" అని. నేను ఆ రికార్డింగు ఎన్నిసార్లు విన్నానో. తాబేలు నాకంటే ఎక్కువే విని ఉంటాడు. ఇద్దరికీ ఆ మాట చెవిన పడలేదు.

ఒక్కచోట పొరపాటంటే సరేలే అనుకోవచ్చు. ఆ అమ్మాయి వేరుగా పెట్టినవన్నీ తీసి చూశాను. కొన్నిచోట్ల ఆమే తప్పు. కానీ మేము తప్పిన ప్రతిచోటా ఇద్దరం ఒకేలా తప్పాం. వేరు వేరు గదుల్లో కూర్చున్న ఇద్దరు మనుషులు కలిసి రైటవ్వచ్చు, ఇలా కలిసి తప్పవ్వడమేమిటి? నాకు భయం వేసింది. తాబేలుకు చెప్పి ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఎవరూ వినని కొత్త రికార్డింగు తీసుకుని ఎవరి గుర్తులు వాళ్ళు పెట్టకుండా, అవతలివాళ్ళు ఏం పెడతారో ఊహించి రాశాం. తరవాత ఎవరి గుర్తులు వాళ్ళు పెట్టి చూస్తే అన్నీ సరిపోయాయి. నేనేం పెడతానో అతనికి తెలుసు, అతనేం పెడతాడో నాకు తెలుసు. ఒకరు తాన అంటే ఇంకొకరు తందాన. మేము కథలు వినడం ఎప్పుడో మానేసి ఒకరినొకరు వింటున్నాం.

రికార్డింగుల గురించి మాట్లాడుకోలేదన్నది నిజం. కానీ మిగతా లోకం గురించి రోజూ క్యాంటీన్‌లో టీ తాగుతూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. వాళ్ళ అన్నయ్య ఎందుకు అలిగాడు, మన పక్కింటావిడ ఎందుకు మాట్లాడటం మానేసింది, ఎవరు దేనికి ఏమన్నారు. ఏళ్ళ తరబడి అలా చెప్పుకుంటే ఇద్దరికీ ఒకటే వినికిడి వచ్చేసింది.

మేడమ్‌కు చెప్పేస్తానన్నాను. ల్యాబు మెట్ల మీద ఇద్దరం పోట్లాడుకున్నాం.

"రూలు తప్పామా?" అన్నాడు.

"తప్పలేదు."

"మరి ఏమని చెప్తావు? కలిసి టీ తాగామనా?"

"అదే చెప్తాను."

"మీ అమ్మ గదికి సున్నం కూడా వేయించింది. ఆ ఉద్యోగం నీ కోసం ఏడాది ఆగదు. కొత్తమ్మాయి కదా, సరిగా పెట్టలేదని మేడమ్మే అంటోంది. ఊరుకో. ఇచ్చేసి ఇంటికెళ్ళు, పెద్దావిడ ఎదురుచూస్తోంది."

"తప్పని తెలిశాక ఎలా ఇవ్వను?"

"నువ్వు ఇంత మొండిదానివని నాకు తెలీదు."

"నేను ఏ గుర్తు పెడతానో అన్నీ తెలుసన్నావుగా."

అతను విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతను అంత వేగంగా నడవడం మా ల్యాబులో ఎవరూ చూడలేదు. మేమిద్దరం ఒకే సంగతికి చెరో అర్థం చెప్పుకోవడం కూడా అదే మొదటిసారి.

నాకేమీ ఊరికే ధైర్యం రాలేదమ్మా. రెండు రోజులు ఊరుకున్నాను. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ఆ తెలియకపోవడమే నన్ను తినేసింది. ఆ కాలేజీలో నిలబడి పిల్లలకు ఈ పద్ధతే పాఠం చెప్పాలి. కిటికీలోంచి చూస్తే ఎదురుగా నీ షాపు. నీ షాపులో గడువు దాటిన ఒక్క సీసా దొరికితే నువ్వు అర మొత్తం దులుపుతావు. నేను తెలిసీ గడువు దాటిన సరుకు అమ్ముతుంటాను. వెళ్ళి చెప్పేశాను.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. తరవాత కోప్పడింది. వచ్చినవాళ్ళందరికీ మా కాగితాలు చూపించింది కదా, ఆవిడ పరువూ పోతుంది. చివరికి, "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అంది. అది మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఒకరి ముఖం ఒకరు ఎరగని ఇద్దరిని పెట్టి గుర్తులన్నీ మొదటినుంచి పెట్టించాలి. త్వరగా అయితే ఏడాది. ఆ ఉద్యోగం నాకు రాదమ్మా. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది. నువ్వు ఎన్నిసార్లు ఆ గది తలుపు తీసి చూసుకుని ఉంటావో నాకు తెలుసు.

నాలుగు రోజులు తాబేలు టీకి రాలేదు. ఆ తరవాత వచ్చి, తనూ మేడమ్‌ను కలిసి నా మాట నిజమేనని ఒప్పుకున్నట్టు చెప్పాడు. ఇక మేమిద్దరం ఒకే పనిలో ఉండకూడదు గనక వేరే ల్యాబుకు మారిపోయాడు.

ఇప్పుడు రెండో సంగతి. అతన్ని పెళ్ళి చేసుకుంటాను. నేనే అడిగాను. "ఇప్పుడు మనం ఒకే పనిలో లేం కదా, ఇక ఏం కలిసినా తప్పు లేదు" అన్నాను. టీ చల్లారేదాకా ఆలోచించి సరే అన్నాడు. మంచివాడు. తాపీగా ఉంటాడు. మన ఇంట్లో అలాంటి మనిషి ఒకరుండటం అవసరం. సెలవుల్లో నీ దగ్గరికి తీసుకొస్తాను. నువ్వు వద్దంటే వినిపించుకుంటాను గానీ మనసు మార్చుకోను. నాన్నకు నువ్వే మెల్లిగా చెప్పు. తమ్ముడికి మాత్రం అప్పుడే చెప్పకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ప్రిన్సిపాల్ గారికి, నా పనిలో తప్పు బయటపడిందనీ, నేనే చెప్పాననీ, ఉద్యోగం ఇంకొకరికి ఇమ్మనీ ఉన్నదున్నట్టు చెప్పు. పెళ్ళి మాట ఆ రోజు ఎత్తకు. ఆయనకే కాదు, ఎవరికీ ఈ రెండు కబుర్లూ ఒకేసారి చెప్పకు. "మా అమ్మాయి చదువు ఆగింది, పెళ్ళి చేసుకుంటోంది" అన్నావంటే మధ్యలో ఏం వేసుకోవాలో మన వీధికి ఒకరు నేర్పక్కర్లేదు.

వీధి ఏమనుకున్నా నాకు బాధ లేదు. నువ్వు వేసుకుంటావేమోనని భయం. కూతురు ఇంటికి వచ్చేసేదే, ఆ అబ్బాయి వల్ల రాలేదు అని. నా సంగతి నీకు తెలుసు, అతని సంగతి తెలియదు కాబట్టి తప్పు అతని మీదికే వెళుతుంది. అలా వేసుకోకమ్మా. నేను వెళ్ళిపోతే తనకేమవుతుందో అతను ఒక్క మాట అనలేదు. నువ్వు ఎదురుచూస్తున్నావని నాతో పోట్లాడిన మనిషి అతనొక్కడే. నేనే వినలేదు.

ఇట్లు,
నీ కూతురు