లేని గుర్రం

అమ్మకి,

నీ పెద్దకూతురు రాయడం. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, చెల్లీ కులాసాగానే ఉన్నారనుకుంటున్నాను. అనుకోవడమేమిటి, కవరు మీద నీ చేతిరాత చూస్తేనే సగం తెలిసిపోతుంది. అక్షరాలు నీ కుట్టులాగే దగ్గర దగ్గరగా, వంకర లేకుండా ఉన్నాయంటే నీ ఒంట్లో ఓపిక ఉన్నట్టే. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమెందుకని చెల్లి సణుగుతుందని తెలుసు. ఫోన్లో నా మాట నీకు సగమే వినబడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుని నాతో పోట్లాడతావు. ఉత్తరమైతే అన్నీ నా మాటలే ఉంటాయి.

ఈ రోజు ఆట లేదు. రేపు ఆఖరి రౌండు. రేపు డ్రా చేసుకున్నా చాలు, ఈ ఏడాది టైటిల్ నాదే. ఈ వయసులో ఇంకో టైటిల్ వస్తుందని నేనే అనుకోలేదు. సంతోషంగా ఉండాలి కదా. పొద్దుటినుంచీ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను, తెచ్చుకున్న రొట్టె ముట్టకుండా అలాగే ఉంది. ఆటకు ముందు నాకిది మామూలేనని నువ్వంటావు. కాదమ్మా, ఇది ఆ భయం కాదు. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు నీ ప్రశ్నలకి జవాబులు.

నిద్ర పడుతోంది. గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది. మంచానికీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడవాలి. కింద వీధిలో తాళాలు బాగుచేసే కొట్టుంది, రోజంతా రాపిడి చప్పుడే. హాల్లో చలి గురించి బెంగపడకు. నువ్వడిగిన నీలం శాలువా వెంట తెచ్చుకున్నాను, ఇప్పుడు కూడా కప్పుకునే రాస్తున్నాను.

కొత్త బూట్లు కరుస్తున్నాయని పోయిన ఉత్తరంలో రెండుసార్లు రాశానట, ఎందుకలా అని అడిగావు. కాళ్ళు రెండున్నాయి కదమ్మా, ఒక్కోదాని తరఫున ఒక్కోసారి రాసుంటాను. పాత ఇంటి మెట్లలో విరిగిన మెట్టు ఏదని చెల్లికి అనుమానం వచ్చిందన్నావు. మలుపు దగ్గర, మన గుమ్మానికి ముందుది. నాన్న దాన్ని దాటి కాలేసేవాడు, నువ్వు రోజూ దాని మీదే కాలేసి ఇంటివాణ్ణి తిట్టేదానివి.

ఇక నువ్వు రాసిన ఆ పత్రికతను. నీ కుట్టు కొట్టుకొచ్చి "మీ అమ్మాయి ఆట ఎలాంటిదమ్మా" అని అడిగితే, బట్టకి గుర్తులు పెట్టుకుంటూ "జాగ్రత్త మనిషండీ, చిన్నప్పటినుంచీ అంతే" అన్నావట. నేను తప్పు చెప్పానా అని అడిగావు. తప్పేం లేదు. కానీ నాలుగు గోడల మధ్య నీకొక్కదానికే చెప్తున్నాను, నాది జాగ్రత్త కాదు, భయం.

నాకు చదరంగం ఎక్కడ వచ్చిందో నీకు తెలుసు. బస్సు డిపోలో డ్రైవర్ల విశ్రాంతి గదిలో. నువ్వు పనికెళ్ళిన రోజుల్లో నాన్న నన్ను అక్కడ కూర్చోబెట్టి ట్రిప్పుకి వెళ్ళేవాడు, తిరిగొచ్చాక బల్ల మీద అట్ట పరిచేవాడు. పావులెలా నడుస్తాయో ఒక పూటలో చెప్పేశాడు. ఆ తర్వాత చెప్పిందంతా డ్రైవింగే. "నీ బండి ఎటు పోతుందో నీకు తెలుసు, దాన్ని చూసుకోవడమెందుకే? ఎదుటి బండివాడు ఏం చేద్దామనుకుంటున్నాడో అది చూడు" అనేవాడు. అవతలివాడు పావు జరిపితే నన్ను గంటసేపైనా సరే కదలనిచ్చేవాడు కాదు. "ఎందుకు జరిపాడు? అది చెప్పి నీ చెయ్యి బయటికి తియ్యి."

ఆ ఒక్క ప్రశ్నతోనే నేను ఇంతదాన్నయ్యాను. మిగతావాళ్ళు ఎలా గెలవాలా అని చూస్తారు, నేను ఎలా ఓడిపోతానా అని చూస్తాను. ఎక్కడినుంచి దెబ్బ పడుతుందో ముందే వెతికి, ఆ దారిలో ఒక బంటుని నిలబెడతాను. ఎదుటివాళ్ళకి ఆ దెబ్బ సంగతి ఇంకా తట్టనే తట్టదు. తట్టేసరికి తలుపు మూసుంటుంది. అలా ఒక్కో తలుపూ మూసుకుంటూ పోతే చివరికి వాళ్ళకి కదలడానికి చోటుండదు, విసుగొచ్చి ఏదో ఒకటి తెరుస్తారు, అక్కడ దొరుకుతారు. అందుకే నాకు 'తాళం' అని పేరు పెట్టారు. నా ఆట చూడటానికి వచ్చినవాళ్ళు దిండు తెచ్చుకోవాలని ఒకాయన రాశాడు. నాకు గ్రాండ్‌మాస్టర్ హోదా వచ్చిన ఆట గుర్తుందా? ఎవరూ ఎవరినీ కొట్టలేదు, సాయంత్రం దాకా రాజుని మూల నుంచి మూలకి జరిపాను. అవతలాయన బల్ల మీద చెయ్యి కొట్టి లేచిపోయాడు. నువ్వు ఫోన్లో "గెలిచావా, లేకపోతే ఆయనకి ఒంట్లో బాగోలేదా" అని అడిగావు.

ఇన్నేళ్ళూ ఆ భయమే నాకు అన్నం పెట్టింది. బోర్డు ముందు కూర్చోగానే అది వచ్చి పక్కన కూర్చునేది, అటు చూడు, ఇటు చూడు అని గిల్లేది. దాన్ని నేను ఎప్పుడూ తిట్టుకోలేదు.

ఇప్పుడు, పొడుగావిడతో గెలిచే ఆటని డ్రా ఎందుకు చేసుకున్నావని అడిగావు కదా. పేపర్లో చూసి చెల్లి చదివి చెప్పిందన్నావు. తలనొప్పి వచ్చిందని రాద్దామని కాగితం తీశాను. నీకు అబద్ధం రాస్తే అక్షరాల వంపులోనే పట్టేస్తావు.

పొడుగావిడా నేనూ మొదటినుంచీ కలిసి ఆడుతున్నవాళ్ళమే. ఒకరి తుమ్ము ఒకరికి తెలుసు. ఆ రోజు ఆట నా చేతిలోనే ఉంది. అన్ని తలుపులూ మూశాను. ఒక్క ఎత్తు మిగిలింది. నా గుర్రం మధ్యలోకి దూకితే ఆవిడ రాజుకీ ఏనుగుకీ ఒకేసారి దెబ్బ. చాలాసేపు లెక్క చూసుకున్నాను, ఎటు తిప్పినా సరిపోయింది. చెయ్యి చాపాను.

నా వేళ్ళు ఖాళీ గడి మీద మూసుకున్నాయమ్మా. అక్కడ గుర్రం లేదు. దాన్ని ఎప్పుడో ఇచ్చేసి ఆవిడ గుర్రాన్ని తీసుకున్నాను, నాది ఆవిడ నీళ్ళ గ్లాసు పక్కన పడుకుని ఉంది. అయినా చెయ్యి చాపేదాకా ఆ గడిలో నాకది కనబడుతూనే ఉంది, చెవులతో, మెడమీద జూలుతో.

చేతిని అలాగే పక్కకి తిప్పి, కలం తీసుకున్నట్టు నటించి, ఎత్తులు రాసే కాగితం మీద ఏదో గీశాను. ఆ తర్వాత బోర్డు వైపు చూడాలంటేనే భయమేసింది. ఉన్నవేవో లేనివేవో నమ్మకం పోయింది. ప్రతి పావునీ వేలితో తాకి చూసుకోవాలనిపించింది. కానీ ఈ ఆటలో ముట్టుకున్న పావుని కదపాల్సిందే, ఊరికే తాకడానికి లేదు. డ్రా అడిగాను. ఆవిడ నమ్మలేనట్టు నా మొహంలోకి చూసి సరేనంది.

బయట నడవాలో కోటు తొడుక్కుంటూ నా పక్కకి వచ్చింది.

"చేతికేమైనా అయిందా?" అంది.

"లేదే. ఏం?"

"ఏం లేదు. నా గ్లాసు తీసుకుంటావేమో అనుకున్నా." కోటు బొత్తాలు పెట్టుకుంది. "అలసిపోయావు. నాకూ ఒకసారి అలా అయింది."

"ఎప్పుడు?"

"చిన్నప్పుడు. రెండు రోజులు జ్వరంతో ఆడినప్పుడు."

నాకు జ్వరం లేదమ్మా.

ఇలా అప్పుడప్పుడు అందరికీ జరుగుతుందని నాకూ తెలుసు. పోయిన పావు కళ్ళముందు కాసేపు మిగిలిపోవడం ఆటగాళ్ళకి కొత్త కాదు. గోరంతని కొండంత చేస్తున్నానని అనుకుని పడుకోబోయాను. అప్పుడు నాన్న బస్సు గుర్తొచ్చింది.

ఎప్పుడో తీసేసిన స్టాపు దగ్గర నాన్న బస్సు ఆపి, తలుపు తెరిచి, ఎవరో ఎక్కుతున్నట్టు కూర్చున్నాడని కండక్టరు వచ్చి చెప్పాడు. నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. "మీ నాన్న లేని స్టాపులో బస్సు ఆపాడే" అని మాతో చెప్పి మళ్ళీ నవ్వావు. మేమూ నవ్వాం, నాన్నా నవ్వాడు. ఆ తర్వాత ఏమైందో రాయక్కర్లేదు. చివరికి నన్ను 'కండక్టరు గారూ' అనేవాడు, గుర్తుందిగా.

అందుకే, ఇక్కడిదాకా రాసి ఆపి, మధ్యాహ్నం నీ ఉత్తరం మళ్ళీ తీశాను. ఈసారి కూతురిలా చదవలేదు, బోర్డు ముందు కూర్చున్నట్టు చదివాను. ఈ మాట ఎందుకు జరిపింది, దీని వెనక ఏముంది అని. విరిగిన మెట్టు సంగతి చెల్లికెందుకు? దానికి పాత ఇల్లే సరిగా తెలియదు, అప్పటికి చంకలో ఉంది. బూట్ల సంగతి రెండుసార్లు రాశానని ఎందుకు ఎత్తిచూపావు? నువ్వు నన్ను పరీక్షిస్తున్నావమ్మా. నాకంటే ముందు నీకే అనుమానం వచ్చింది. నాన్నని కంటికి రెప్పలా చూసుకున్నదానివి, ఇది ఎలా మొదలవుతుందో నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? దొంగచాటుగా నా మతిని తడిమి చూస్తున్నావని అర్థమయ్యాక ఏడుపొచ్చింది, కొంచెం ధైర్యంగానూ అనిపించింది. ఎవరో ఒకరు కాపలా ఉన్నారు కదా అని.

అలా చదువుతూ శాలువా దగ్గరికొచ్చి ఆగిపోయాను.

భుజాల మీదున్నదాన్ని ముందుకి లాక్కుని చూశాను. బూడిద రంగుది. నాకు నువ్వు అల్లి ఇచ్చింది ఇదొక్కటే. నీలందాన్ని నాన్న కోసం అల్లావు. ఆఖరి రోజున నువ్వొక కొస, నేనొక కొస పట్టుకుని ఆయన మీద కప్పాం. "మెడ దాకా లాగవే, ఆయనకి చలెక్కువ" అన్నావు. అది ఆయనతోపాటే పోయింది. ఇంకో నీలం శాలువా మన ఇంట్లో లేదు, నీలం ఊలు మళ్ళీ నువ్వు కొననేలేదు.

మరి కప్పుకునే రాస్తున్నానని పైన ఎలా రాశానో నాకే తెలియదు. రాస్తున్నప్పుడు భుజాల మీద నీలం రంగే ఉందనుకున్నాను.

ఎంత ఆలోచించినా ఇందులో రెండే దారులు కనబడుతున్నాయి. ఒకటి, నువ్వు కావాలనే అడిగావు. చలి మాటా, నిద్ర మాటా చుట్టూ పెట్టి, మధ్యలో ఆ శాలువాని ఎరగా ఉంచావు. నేను వెళ్ళి పడ్డాను. అలా అయితే నా పని అయిపోవస్తోందని అర్థం. రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు నిజంగానే అడిగావేమో. ఆ ముద్దైన అక్షరాలతో, ఒక్క కుట్టూ తప్పకుండా, ఆ శాలువా ఇంకా ఉందనుకుని నా చలి కోసం అడిగావేమో. అలా అయితే మన ఇద్దరిలో కాపలా ఎవరమ్మా?

ఖాళీ గడి మీద వేళ్ళు మూసుకున్నప్పుడు వేసిన భయం దీని ముందు ఏపాటిది? కింద కొట్టులో రాపిడి ఆగింది, కట్టేస్తున్నట్టున్నాడు. పోస్టుకి టైమవుతోంది. రేపు ఆడతాను, డ్రా అడుగుతాను, మర్నాడే బండెక్కుతాను. నేనొచ్చేలోగా ఈ ఉత్తరం నీకు చేరాలి. నీ మొహం చూడకముందే నీ జవాబు నువ్వొక్కదానివే సిద్ధం చేసుకోవాలి, చెల్లిని అడగకూడదు.

పైన రాసిన శాలువా మాట కొట్టెయ్యలేదు. కొట్టేసి బూడిద రంగని దిద్దితే నీకు తెలిసేది కాదు. కానీ ముట్టుకున్న పావుని కదపాల్సిందే, అలాగే ఉంచాను.

నేను గుమ్మంలోకి రాగానే నవ్వుతూ "దొరికావే" అను. ఎర వేశాననీ, నేను పడ్డాననీ, నన్ను ఓడించావనీ చెప్పు. డాక్టరు దగ్గరికి నేనే వెళ్తాను, బోర్డు అటక మీద పెట్టేస్తాను, ఒక్క మాట ఎదురు చెప్పను. పుట్టి బుద్ధెరిగాక ఓడిపోవాలని ఎప్పుడూ కోరుకోలేదు. ఈ ఒక్క ఆటా నువ్వే గెలిచావని చెప్పమ్మా.

ఇట్లు,
బూడిద రంగు శాలువాలో,
నీ పెద్దకూతురు