అన్నయ్యగారు దూకని రాత్రి

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ముందు అందరి ఆరోగ్యాలు. అవి రాయనిదే నాకు పెన్ను కదలదు. అన్నయ్యగారికి పొద్దున షుగర్ నూట ఎనభై. కళ్ళు అలాగే ఉన్నాయి. మధ్యలో మచ్చ, అంచులు మాత్రం కనపడతాయట. ఆయన మనవరాలు ప్రణతికి జలుబు. తల ఆరబెట్టుకోమంటే వినదు. వంట చేసే చిన్నమ్మాయికి నడుం నొప్పి. నాకు కుడి మోకాలు. పెనుగొండలో అన్నయ్యగారితో పనిచేసిన సత్యప్రసాద్ గారికి ఎలా ఉందో తెలియదు. గుండెకి స్టెంట్లు వేశాక ఫోన్ లేదు. ఫోన్ లేకపోవడం మంచికో, చెడుకో.

అన్నయ్యగారు పుస్తకం చెబుతున్నారు. కళ్ళు కనపడవు కాబట్టి ప్రణతి లాప్‌టాప్‌లో కొడుతోంది. నేను పక్కన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వింటున్నాను. ఎయిర్‌ఫోర్స్‌లో బాంబర్ పైలట్‌గా డెబ్భై ఒకటి యుద్ధానికి వెళ్ళిన కథ. ప్రతి పెళ్ళిలోనూ విన్నదే. ఆయన లేకపోతే ఇండియా ఓడిపోయేదే అన్నట్టుంటుంది.

4, మంగళవారం

బాంబులు వేసిన చోట కింద మనుషులుంటారు కదా తాతగారూ అని ప్రణతి అడిగింది. ఉంటారమ్మా అన్నారు. కాసేపాగి చట్నీలో ఉప్పెక్కువైందన్నారు. ఎక్కువ కాలేదు.

6, గురువారం, మధ్యాహ్నం

ఈ రోజు తొమ్మిదో చాప్టర్. విమానానికి దెబ్బ తగిలిన రాత్రి. మా అందరికీ తెలిసిన కథే. పైలట్ సీటుకి ఒక హ్యాండిల్ ఉంటుందట. లాగితే సీటుతో సహా బయటికి విసిరేస్తుంది, ప్యారాచూట్ తెరుచుకుంటుంది. విమానం ముందు ముక్కులో పడుకుని దారి చెప్పే నావిగేటర్‌కి ఆ సీటు లేదు. తలుపు తీసుకుని దూకాలి. ఆ తలుపు కాస్తా ఇరుక్కుపోయింది. ఆ నావిగేటరే సత్యప్రసాద్ గారు. మీరు దూకేయండి సర్ అన్నారట. అన్నయ్యగారు దూకలేదు. మిగిలిన ఒక్క ఇంజన్‌తోనే తెచ్చి దింపారు.

అందుకే సత్యప్రసాద్ గారు తన కొడుక్కి శ్రీనివాస్ అని అన్నయ్యగారి పేరు పెట్టుకున్నారు. ఏటా డిసెంబర్‌లో అరటిగెల, పట్టుపంచె పట్టుకుని కాళ్ళకి దండం పెట్టడానికి వస్తారు. ఆ కారు చప్పుడు వినగానే అన్నయ్యగారు బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుంటారు. పూజలో ఉన్నారండి అని నేను అబద్ధం చెప్పి కాఫీ ఇస్తాను. ఇన్ని గొప్పలు చెప్పుకునే మనిషి ఆ ఒక్క గొప్ప నుంచి ఎందుకు పారిపోతారో నాకు ఇన్నేళ్ళూ అర్థం కాలేదు.

ఈ రోజు అర్థమైంది. రాసుకోమ్మా అన్నారు. నేను ప్రసాద్ కోసం ఆగలేదు. హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. లాగడానికి భయమేసింది. ఆ చీకట్లోకి దూకడం కంటే సీట్లో చావడమే నయమనిపించింది. ఆ నిమిషంలో ప్రసాద్ నాకు గుర్తు కూడా రాలేదు.

ప్రణతి కొట్టడం ఆపేసింది. కరెంటు పోయిందా, కొట్టు అన్నారు.

7, శుక్రవారం

రాత్రంతా సత్యప్రసాద్ గారి స్టెంట్లే.

9, ఆదివారం

ఆ నాలుగు ముక్కలు తీసేయమ్మా, చదివితే సత్యప్రసాద్ గారి గుండె ఆగిపోతుంది అని ప్రణతిని బతిమాలాను. మామ్మగారూ, ఇది తాతగారి బుక్కండి, మీ సీరియల్ కాదు, మార్చేయడానికి అంది.

అన్నయ్యగారినే అడిగాను. అవి తీసేస్తే మిగిలిందంతా చిత్తుకాగితాలే సుభద్రా అన్నారు. వాడు తెచ్చిన అరటిపళ్ళు ఇన్నేళ్ళూ మీరంతా తిన్నారు, నేను ఒక్కటి ముట్టుకున్నానా అన్నారు. నిజమే. షుగర్ వల్లనుకున్నాను.

11, మంగళవారం, ఉదయం పది

అన్నయ్యగారు స్నానానికి వెళ్ళగానే పెనుగొండకి ఫోన్ చేశాను. సత్యప్రసాద్ గారే ఎత్తి, ఏంటండి సుభద్రమ్మగారూ, అంతా కులాసానా అన్నారు. వాళ్ళింట్లో అందరినీ పేరుపేరునా అడిగాను. తర్వాత, పుస్తకం వస్తుందండి, తొమ్మిదో చాప్టర్ మాత్రం చదవకండి అన్నాను. అలా అంటే ఎవరైనా ఊరుకుంటారా? ఏముందండి అందులో అన్నారు. ఏమీ లేదండి అన్నాను. మళ్ళీ నేనే అంతా చెప్పేశాను.

అటు నుంచి మాట లేదు. నా వల్లే మనిషి పోయాడనుకున్నాను. అంతలో నవ్వు వినపడింది.

అదా అండి, నాకు ఆ రాత్రే తెలుసండి అన్నారు. విమానంలో ఇద్దరి చెవుల్లోనూ ఒకటే లైనండి. ఆయన ఊపిరి నాకు వినపడుతూనే ఉంది. అమ్మా, అమ్మా అని ఏడ్చారండి. నేనూ ఏడ్చాను. తర్వాత దారెటు ప్రసాద్ అన్నారు, నేను చెప్పాను, ఆయన తిప్పారు. ఎందుకాగితే నాకెందుకండి, ఆగారు. ఆ సీటు ఖాళీ అయ్యుంటే మా శ్రీనివాస్ ఎక్కడుండేవాడండి అన్నారు.

మరి ఇన్నేళ్ళూ ఆ మాట ఆయనకి చెప్పలేదేమండి అన్నాను. బాత్‌రూమ్ తలుపు బయట నుంచుని ఏం చెప్పమంటారండి అన్నారు. పూజ కాదని ఆయనకి తెలుసు!

12, బుధవారం

అన్నయ్యగారికి చెప్పేశాను. కడుపులో దాచుకుంటే నాకు బీపీ.

నిన్నెవరు ఫోన్ చెయ్యమన్నారు అని కేకలేశారు. తర్వాత, అమ్మని పిలిచానని చెప్పాడా అని మెల్లగా అడిగారు. చెప్పారండి అన్నాను. అదొక్కటే పుస్తకంలో లేదు.

లేచి గోడ పట్టుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. ఈసారి బయట ఏ కారూ రాలేదు. కాలు జారతారేమోనని తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

14, శుక్రవారం, సాయంత్రం

సత్యప్రసాద్ గారు ఫోన్ చేసి స్పీకర్ పెట్టమన్నారు. సర్ ఉన్నారా అన్నారు. లేనని చెప్పమని అన్నయ్యగారు చెయ్యి ఊపారు. లేరని చెప్పమంటున్నారండి అంది ప్రణతి. దీని నోటికి తాళం లేదు.

డిసెంబర్ దాకా నేనుంటానో లేదో, ఈసారి మీరే రండి సర్ అన్నారు ఆయన. కారులోంచి దిగడానికి కూడా భయమైతే తలుపు నేను పట్టుకుంటాను లెండి అన్నారు.

ఎవడికిరా భయం అని అరిచారు అన్నయ్యగారు. ఆ తర్వాత స్పీకర్‌లోంచి ఆయన ఊపిరే వినపడింది. ఫోన్ ఎవరూ పెట్టేయలేదు.

15, శనివారం

అమ్మని పిలిచిన ముక్క పుస్తకంలో చేర్పించారు. పెనుగొండ ప్రయాణం గురువారం, 20వ తేదీ.