నోట్లో ఎండుచేప

సరస్సు ఒడ్డున కొబియేరో రేవులో ఒమెనా అనే చిట్టిచేపలు ఎండబెట్టి అమ్ముకుని బతుకుతున్న పెరెజ్ అజ్వాంగ్ అనే నేను, కీర్తిశేషుడు ఒపియో భార్యను, నలభై తొమ్మిదేళ్ళ దానిని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఏమనగా: నా బుద్ధి స్థిరంగానే ఉంది. ఒంటి సంగతి నాకు తెలియదు. తెలుసుకునే వస్తువు నా పిండి డబ్బాలోనే, సీలు తీయని అట్టపెట్టెలో ఉంది. అది తీసి చూడకుండా వీలునామాకు కూర్చున్నందుకు నాకే సిగ్గుగా ఉంది.

వానలు పట్టినప్పటి నుంచి దగ్గు వదలడం లేదు. గౌను భుజాల మీద నిలవడం లేదు. కనుక నా స్వార్జితమైన చరాస్తిని ఈ కింది విధంగా దఖలు పరుస్తున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలు దొర్కా అపొందీది. ఆమెకు ఆస్తి ఏమీ ఇవ్వడం లేదు, ఇచ్చినా తిట్టి తిరిగి ఇచ్చేస్తుంది. దొర్కాకు హెచ్ఐవి ఉందని రేవంతటికీ తెలుసు, ఆమే చెప్పుకుంది. ఏళ్ళుగా రోజూ మాత్ర వేసుకుంటోంది. మా ఇద్దరిలో లావుగా, గట్టిగా, గొంతు పెద్దదిగా ఉన్నది ఆమే. ఇంత దగ్గర్లో ఇంత మంచి ఉదాహరణ పెట్టుకుని కూడా నేను భయపడ్డాను.

2. నా పెద్ద మూకుడు, చేపలు ఎండబెట్టే వలలు, రేకుల షెడ్డులో నా చోటు, ఇవన్నీ మా అక్క కూతురు అవినోకు సర్వహక్కులతో చెందాలి. అక్క పోయాక నేనే పెంచాను. మూకుడు అడుగున సొట్ట ఉంది, నూనె ఒక పక్కకు పోతుంది. పొయ్యి కింద చిన్న రాయి పెడితే సరిపోతుంది.

3. మా మరిది ఒగుతుకు పాత ఇంటి తాళంచెవి. నా భర్త పోయినప్పుడు, ఆనవాయితీ ప్రకారం తనకు భార్యగా రమ్మన్నాడు. రానన్నాను. నేను సంతకు వెళ్ళి వచ్చేసరికి తాళం మార్చేశాడు. ఆ తాళంచెవి ఇప్పుడు ఏ తలుపుకూ పనికిరాదు. అది ఎందుకు పంపానో ఆయనకు అర్థమవుతుంది.

4. నిక్సన్ ఒరువాకు నా ఇంట్లో మేకుకి వేలాడుతున్న అతని వానకోటు. రాయడానికి చెయ్యి రావడం లేదు గాని రాయాలి. మా రేవులో ఆడదాని తట్ట నిండాలంటే పడవ మీద ఆమెకొక జబోయా, అంటే ఆమెకంటూ ఒక జాలరి, ఉండాలి. అతనికి పడక, ఆమెకు చేప. జబోయా లేని ఆడది ఒడ్డున ఎంతసేపు నిలబడ్డా ఖాళీ తట్టతో ఇంటికి పోవాల్సిందే. నా జబోయా ఒరువా. నన్ను ఎప్పుడూ కొట్టలేదు, తూకంలో మోసం చేయలేదు. ఇంకా ఏయే రేవుల్లో ఎవరెవరి తట్టలు నింపుతున్నాడో నేను అడగలేదు. అడిగితే మర్నాడు చేప వేరొకరికి పోతుందని భయం.

5. ఇది అన్నిటికన్నా బరువైన అంశం. ఆస్పత్రి నర్సమ్మ మా రేవు ఆడవాళ్ళ కోసం హెచ్ఐవి పరీక్ష కిట్లు నా చేతికిస్తుంది. ఆస్పత్రి గుమ్మంలో నిలబడితే ఎవరు చూస్తారోనన్న బెంగ లేకుండా, ఎవరికి వారు చేసుకునే పరీక్ష అది. పుల్లతో పైచిగురు ఒకసారి, కిందిచిగురు ఒకసారి తుడిచి సీసాలో నిలబెట్టాలి. ఇరవై నిమిషాలకు ఒక గీత వస్తే లేనట్టు, రెండు వస్తే ఆస్పత్రికి వెళ్ళి రక్తంతో రూఢి చేసుకోవాలి. మూడు నెలలకోసారి షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి నేనే చెబుతాను. "తెలిస్తే మందుంది, మందుంటే బతుకుంది. ఒకసారి చేసుకుని వదిలేస్తే లాభం లేదమ్మా, పడవలు రోజూ వస్తాయి కదా" అంటాను. నా మాట విని చేసుకున్నవాళ్ళు చాలామంది.

పరీక్షకు ముందు అరగంట నోట్లో ఏమీ పడకూడదు. మేమేమో పని చేస్తూ ఎండు ఒమెనా నములుతూనే ఉంటాం. ఆ అలవాటే నాకు అడ్డుగోడగా దొరికింది. నా వంతు వచ్చే వేళకు ఒక పిడికెడు నోట్లో వేసుకునేదాన్ని. "అయ్యో, తినేశానే! మీరు కానివ్వండి, నేను ఇంటికెళ్ళి చేసుకుంటా" అనేదాన్ని. ప్రతిసారీ అదే పిడికెడు. దొర్కా ఊరుకునేది కాదు. "ఏమే పెరెజ్, సరస్సంతా నీ నోట్లోనే ఉందా? ఎప్పుడు ఖాళీ అవుద్దే?" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని. ఇంటికెళ్ళి కిట్టును పిండి డబ్బాలో పెట్టి మూత బిగించేదాన్ని.

కిట్లు పంచే ఈ బాధ్యతను అవినోకు అప్పగించదలచి నిన్న ఆమెతో చెప్పాను. చేపలు తిరగేస్తూ తల ఎత్తకుండానే అంది: "నాకొద్దు పిన్నీ. నేను చేసుకోవడమే మానేశా. నువ్వు చేసుకోవట్లేదుగా మరి. నీకు ఎంత భయమో నాకూ అంతే."

పోయిన సీజనులో తట్ట ఇచ్చి ఆమెను పడవల దగ్గరికి పంపింది నేనే. ఆమెకూ ఇప్పుడు ఒక జబోయా ఉన్నాడు. తట్ట పట్టుకోవడం నేర్పాను, నోట్లో ఒమెనా పోసుకోవడమూ నన్ను చూసే నేర్చుకుంది. తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు.

6. ఇంతవరకు పొద్దున రాసింది. సాక్షి సంతకానికి దొర్కాను పిలిచాను. కాగితం అంతా చదివి, మడిచి, తన జాకెట్లో పెట్టుకుంది. "చావు కాగితం రాయడానికి తీరికుందిగానీ చిగుళ్ళు తుడుచుకోడానికి లేదా నీకు? నేను సంతకం పెట్టను పో. ముందు ఆ డబ్బా మూత తియ్యి" అంది. నా చెయ్యి అలవాటుగా ఒమెనా గిన్నె మీదికి పోయింది. దొర్కా ఆ గిన్నె తీసుకెళ్ళి కోళ్ళ ముందు పోసింది. అరగంట నన్ను కదలనివ్వలేదు. అవినోను కేకేసి నా పక్కన కూర్చోబెట్టింది.

తుడుచుకున్నాను. పుల్ల సీసాలో పెట్టి గోడవైపు తిరిగాను. అంతసేపూ దొర్కా తన కోడలి వంట గురించి ఏదో తిడుతూనే ఉంది. ఆ తిట్లు లేకపోతే నేను లేచి పారిపోయేదాన్ని.

రెండు గీతలు.

భయం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది సిగ్గే. రోగం వచ్చినందుకు కాదు. ఈ రేవులో అది ఎవరికైనా వస్తుంది. డబ్బాలో పెట్టిన పెట్టెలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. దొర్కా నా వీపు మీద ఒక్కటి చరిచింది. "అంతేనా? నా క్లబ్బులోకి వచ్చావు. రేపు పొద్దున్నే పోదాం, రక్తం చూస్తారు, మాత్ర ఇస్తారు. నెల తిరిగేసరికి ఆ గౌను నీకు పట్టదు చూడు" అంది.

అవినో డబ్బాలోంచి ఇంకొక పెట్టె తీసింది. తన చిగుళ్ళు తుడుచుకుంది. ఇరవై నిమిషాలూ నా చెయ్యి వదల్లేదు. ఒక గీతే వచ్చింది. అప్పుడు నేను ఏడ్చాను. "మళ్ళీ మూడు నెలలకి ఇద్దరం కలిసే కూర్చుందాం పిన్నీ, నువ్వు ఎగ్గొడితే ఊరుకోను" అంది. నాకిక ఆ పుల్లతో పని లేదని దొర్కా నవ్వింది. "అయితే పక్కన కూర్చుని చూస్తుంది" అంది అవినో. దొర్కా జాకెట్లోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

7. కనుక పై అంశాలను ఇందుమూలంగా సవరిస్తున్నాను. మూకుడు నా తదనంతరమే అవినోకు చెందుతుంది. ఆ తదనంతరం ఇప్పట్లో లేదు, ఈలోగా అరువు అడగవచ్చు. కిట్ల బాధ్యత మా ఇద్దరిదీ ఉమ్మడిగా. వచ్చే విడత షెడ్డులో మొదట లేచి మాట్లాడేది నేనే, ఆ పిడికెడు సంగతి అందరికీ నా నోటితోనే చెబుతాను. అది తలుచుకుంటేనే ముఖం కాలుతోంది, అయినా చెబుతాను. ఒరువాకు వానకోటుతో పాటు ఒక కిట్టు కూడా నా చేతులతో ఇస్తాను. ఆ తర్వాత చేప ఇస్తాడో మానేస్తాడో అతని ఇష్టం. తాళంచెవి విషయంలో మార్పు లేదు.

పైన రాసినదంతా నేను తిరిగి చదువుకుని, సమ్మతించి, నోట్లో ఏమీ లేకుండా సంతకం చేస్తున్నాను.

2022 మే 11, కొబియేరో రేవు
(సంతకం) పెరెజ్ అజ్వాంగ్

సాక్షులు:
దొర్కా అపొందీ. నోరు ఖాళీగా ఉండటం కళ్ళారా చూశాను.
లిలియన్ అద్యంగా, నర్సు. మర్నాడు ఉదయం ఆస్పత్రిలో, ఆమె మొదటి మాత్ర మింగిన తర్వాత సంతకం చేశాను.