వాడి జుట్టు ముట్టుకోకండి

ప్రిన్సిపాల్ గారికి,

మా తమ్ముడు ఆటలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడని మీ తంతి అందింది. జుట్టు కత్తిరించి, మర్యాదగా ముస్తాబు చేసి, మీ శ్మశానంలోనే పాతిపెడతామన్నారు. మీరు పెట్టిన శామ్యూల్ పేరుతో రాయి వేయిస్తామన్నారు. వద్దు.

మా లకోటా తెగలో అయినవాళ్లు చనిపోతేనే జుట్టు కత్తిరించుకుంటాం. చిన్నప్పుడు మమ్మల్ని మీ హాస్టలు బడిలో వేసిన రోజే మీరు వాడి జడలు కత్తిరించారు. "అమ్మ చచ్చిపోయిందా అక్కా?" అని వాడు నన్ను పట్టుకుని ఏడ్చాడు.

తరవాత మీ బడి జట్టులోనే ఫుట్‌బాల్ ఆడి, ఊరూరా పేరు తెచ్చుకున్నాడు. "జుట్టు పెంచరా, దెబ్బ తగిలితే తలకి అదే దిండు" అన్నాడట మీ కోచ్. అది విని అమ్మ, "చూశావటే, కత్తిరించినవాళ్లే పెంచమంటున్నారు!" అని పగలబడి నవ్వింది. వాడు మిమ్మల్ని గెలిపించినన్నాళ్లూ ఆ జుట్టు మీకు మోటుగా కనిపించలేదు.

ఈ ఉత్తరం తెస్తున్నది మా మేనమామ. వాడిని ఆయనకు అప్పగించండి. పెట్టె మీద వాంబ్లీ అని రాయండి. అమ్మ పెట్టిన పేరు అది.

అమ్మ బతికే ఉంది. వాడి కోసం తన జడలు తనే కోసుకుంది. ఇక మీ కత్తెర పక్కన పెట్టండి.

వాంబ్లీ అక్క