కింది గొంతు

గుణదల

పిన్నికి,

అనఘ నమస్కారాలు. వాట్సాప్ కార్పొరేట్ల గూఢచారి అని నువ్వు మానేశావు. ఫోన్ చేస్తే నా వాక్యం ఒక్కటీ పూర్తి కాదు. అందుకని ఉత్తరం.

మా సంగీత కళాశాలలో ఆడియో ఇంజినీరింగ్ చివరి ప్రాజెక్టుకి రావమ్మగారి నాట్ల పాట ఇస్తున్నాను. అదే, పామర్రు దగ్గర పొలానికి నువ్వు తీసుకెళ్తే రికార్డు చేశానే, ఆ పాట. ఇక్కడ అందరూ సినిమా పాటలకి కొత్త డ్రమ్స్ తగిలించి ఇస్తారు. నాట్లేసే మనిషి పాట ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదట. నెలాఖరుకి ఇచ్చెయ్యాలి, లేకపోతే నా ఏడాది పోయినట్టే.

పాట అద్భుతంగా వచ్చింది. ఒకటే చిక్కు. రావమ్మగారు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా వెనకనుంచి కింది గొంతు ఒకటి వినిపిస్తోంది. మా సుభాని సార్ విని, "గేట్ పెట్టమ్మా, కింది గొంతులు లోపలికి రావు" అన్నారు. ఆ పని మీదే కూర్చుంటున్నాను.

నీ అనఘ

తా.క. నువ్విచ్చిన మూడు పుస్తకాల్లో రెండు చదివాను. మూడోది స్టూడియోలో స్పీకరు కింద ఎత్తుకి సరిగ్గా సరిపోయింది.

*

ఇబ్రహీంపట్నం

అనఘకు,

చి.ల.సౌ. అని రాయను. అందులో నీ పెళ్లి దాక్కుని ఉంది.

కింది గొంతులు లోపలికి రావు! ఈ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే? ఈ దేశంలో వందల ఏళ్లుగా ఉన్నది ఆ గేటే కదా! గుడి దగ్గర పెట్టారు, బావి దగ్గర పెట్టారు, ఇక పాటకి కూడానా? పొలంలో ఆడవాళ్లు నోరు విప్పితే మీ ఏసీ గదిలో వాళ్లకి గోల. శాలువా కప్పుకున్న విద్వాంసుడు దగ్గితే మాత్రం అది గమకం. ఏది పాటో ఏది గోలో తేల్చే అధికారం మీ కళాశాలకి ఎవరిచ్చారు? రావమ్మ వెనక నిలబడ్డది ఏ కూలి మనిషో, ఏం చెప్పుకుంటోందో, ఒక్కళ్లైనా చెవిపెట్టి విన్నారా?

ఆ గొంతు తియ్యడానికి వీల్లేదు. ఇది పిన్నిగా కాదు, పౌరురాలిగా చెబుతున్నాను.

శాంభవి

తా.క. పౌరురాలిగా చెప్పింది వినకపోతే పిన్నిగా కూడా చెబుతాను.

*

గుణదల

పిన్నికి,

మళ్లీ నమస్కారాలు. మొదటివి నీకు అందినట్టు లేవు.

గేట్ అంటే నువ్వనుకున్నది కాదు. మేం ఒక స్థాయి పెడతాం. ఆ స్థాయి అందుకున్న శబ్దానికి తెరుచుకుంటుంది, అందుకోనిదానికి మూసుకుంటుంది. ఎవరి మీదా కోపం ఉండదు, అదొక యంత్రం. రావమ్మగారిది ఎలాగూ పెద్ద గొంతే, ఆవిడకేం కాదు. తర్వాత మాస్టరింగ్ చేస్తే, అంటే మొత్తానికి చివరి మెరుగు పెడితే, పని అయిపోతుంది.

ఇక ఆ రెండో గొంతు కూలి మనిషిది కాదు పిన్నీ. ఎవరిదో నేను రాయలేను. పెద్దవాళ్లు.

నీ అనఘ

తా.క. మాస్టరింగ్ అంటే కూడా నువ్వనుకున్నది కాదు.

*

ఇబ్రహీంపట్నం

అనఘకు, ఉద్యమాభివందనాలతో,

"స్థాయి అందుకోనిదానికి మూసుకుంటుంది, ఎవరి మీదా కోపం ఉండదు." ఈ వాక్యం నీది కాదమ్మాయ్, ఈ దేశంలో ప్రతి అడ్మిషన్ల ఆఫీసుదీ. యంత్రమట! ఆ యంత్రం మీద వేలు ఎవరిదని అడుగుతున్నాను.

"పెద్దవాళ్లు" అన్నావు. అర్థమైంది. నీ మీద ఒత్తిడి ఉంది. అందుకే మీ ప్రిన్సిపాల్ దత్తాత్రేయగారికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపాను. ఒక్క గొంతు తీసినా సరే, నెలాఖరున మా మహిళా సంఘం మొత్తం వచ్చి మీ గేటు ముందు కూర్చుంటుంది. నేనంటున్నది ఇనప గేటు.

శాంభవి

తా.క. ఆ రోజు మీ క్యాంటీన్లో భోజనం దొరుకుతుందా? పప్పులో ఉప్పు తగ్గించమని చెప్పు. మా సంఘంలో సంపూర్ణమ్మకి బీపీ.

*

గుణదల

పిన్నికి,

భయంతో కూడిన నమస్కారాలు. నీ ఫిర్యాదు అందింది. ప్రిన్సిపాల్‌గారు నా ప్రాజెక్టు తీసుకోవడం ఆపేశారు. ఫైలు మీద "వివాదంలో ఉన్న పాట" అని రాశారు.

ఫిర్యాదు చేసినవాళ్లు రికార్డింగ్ విని, ఆ గొంతు ఉంచాలో తియ్యాలో కాగితం మీద రాసిస్తే అలాగే కానిద్దాం అన్నారు. ఉంచమంటే పరీక్ష చేసేవాళ్లు నన్ను ఫెయిల్ చేస్తారు. పాట ఎక్కడికక్కడ తెగిపోతుంది కదా మరి. నా ఏడాది ఇప్పుడు నీ చేతిలో ఉంది. పెన్ డ్రైవ్ బస్సు పార్సెల్లో పంపుతున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. మధ్యలో మాట్లాడకుండా విను.

నీ అనఘ

తా.క. రావమ్మగారికి కూడా వినిపించాను. అంతా విని, "ఆ యమ్మ ఇంకా చెబుతూనే ఉందా?" అన్నారు.

*

ఇబ్రహీంపట్నం

అనఘకు,

పార్సెల్ అందింది. హెడ్‌ఫోన్స్ మా ఇంట్లో లేవు, ల్యాప్‌టాప్‌లోనే పెట్టాను.

రావమ్మ "నారు పట్టిన చేతికి నీళ్లే గాజులు" అని ఎత్తుకుంది. ఏం గొంతే అది! ఊపిరికి ఆగింది. ఆగిందో లేదో వెనకనుంచి ఎవరో ఆవిడ, "చూశారా, ఇందులో ఎంత శ్రమ ఉందో" అంటుంది. రావమ్మ మళ్లీ అందుకుంది. మళ్లీ ఆవిడ: "దీన్నే శ్రమ సంస్కృతి అంటారు రావమ్మా." నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా నేను తిడుతున్నది వీళ్లనే! పాడేవాళ్లని పాడనివ్వరు, వాళ్ల గురించి వాళ్లకే ఉపన్యాసం చెబుతారు. నీ మీద ఒత్తిడి తెచ్చిన పెద్దావిడ ఈవిడే అనుకున్నాను. ఏ యూనివర్సిటీయో కనుక్కుని ఉతికి ఆరెయ్యాలని కాగితం కూడా తీశాను. "గట్టు మీద మేధావి" అని శీర్షిక కూడా పెట్టేశాను.

మూడో చరణం అయ్యాక ఆవిడ, "అనఘా, ఆ మైకు కాస్త ఇటు తిప్పు" అంది.

అప్పుడే మీ బాబాయ్ వంటింట్లోంచి, "నీ గొంతు భలే వచ్చిందే, ఎక్కడ ఉపన్యాసం?" అన్నాడు.

దత్తాత్రేయగారికి రాసిన కాగితం జతచేస్తున్నాను. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు, సవరించానంతే. గేట్ పెట్టొచ్చు. స్థాయి ఎక్కడ పెట్టాలో మాత్రం రావమ్మ చెప్పాలి, మీ సారూ కాదు, నేనూ కాదు. ఈ విషయంలో రాజీ లేదు.

నెలాఖరుకి ఆటోలు మాట్లాడేశాం కాబట్టి ఎలాగూ వస్తాం. కూర్చునేది గేటు ముందు కాదు, హాల్లో. రావమ్మని కూడా తీసుకొస్తున్నాం. పాట మధ్యలో నేను మాట్లాడను.

శాంభవి

తా.క. నాలుగో చరణం తర్వాత కూలి రేట్ల గురించి నేను చెప్పిన ముక్క మాత్రం పారెయ్యకు. వేరే ఫైలుగా దాచు. వీలైతే దానికి ఆ మాస్టరింగేదో చెయ్యి.